ఆత్మహత్యాయత్నం తర్వాత కోలుకోవడం: ఆలస్యంగా మొదలైన ప్రశ్న

ఆత్మహత్యపై పరిశోధన చాలా కాలం కారణాల చుట్టూనే తిరిగింది; ప్రయత్నించి బతికినవారు ఎలా కోలుకుంటారన్న ప్రశ్న వెనకబడింది. ఆత్మహత్యకు మూలాలను వ్యక్తిలో కాక సమాజ బంధాలలో వెతకాలని వాదించిన ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్, అది వంశపారంపర్యంగా వస్తుందన్న అభిప్రాయాన్ని 1897లోనే తోసిపుచ్చారు. ఆయన తోసిపుచ్చిన ఆ అంశానికి గట్టి ఆధారం డెన్మార్క్ దత్తత రికార్డులలో దొరికింది. చిన్నప్పుడే దత్తతకు వెళ్లి, పెద్దయ్యాక ఆత్మహత్య చేసుకున్నవారి రక్తసంబంధీకులలో ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్నాయనీ, పెంచిన కుటుంబాలలో అలా లేదనీ 1979లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఆ తర్వాత ‘ఆ ఒక్క జన్యువు’ కోసం జరిగిన వేటలో చాలా కాలం వృథా అయిందనే చెప్పాలి. మెదడులో సంకేతాలను చేరవేసే సెరటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన జన్యువులోని ఒక రకం, జీవితంలో కష్టాలు ఎదురైనప్పుడు కుంగుబాటు ముప్పును పెంచుతుందని 2003లో వచ్చిన ఫలితం ఎంతో పేరు పొందినా, తర్వాతి పెద్ద అధ్యయనాలలో నిలబడలేదు. ఆత్మహత్యాయత్నం చేసిన 43,000 మందికి పైగా వ్యక్తుల జన్యు సమాచారాన్ని పరిశీలించిన 2023 నాటి విశ్లేషణలో ముప్పుతో ముడిపడిన 12 జన్యుస్థానాలు (జన్యు పదార్థంలోని చోట్లు) బయటపడ్డాయి గానీ, ఒక్కొక్క దాని ప్రభావం చాలా స్వల్పం. వాటిని చూసి ఫలానా వ్యక్తి భవిష్యత్తును చెప్పడం సాధ్యం కాదు.

జీవితానుభవాల వైపు ఆధారాలు ఇంతకంటే బలంగా ఉన్నాయి. అమెరికాలో 17,000 మందికి పైగా వయోజనులను ప్రశ్నించిన 2001 నాటి అధ్యయనంలో, బాల్యంలో ఎదురైన హింస, వేధింపులు, కుటుంబ కల్లోలాల సంఖ్య పెరిగినకొద్దీ ఆత్మహత్యాయత్నాలూ పెరిగినట్టు తేలింది. బాల్యంలో వేధింపులకు గురై, తర్వాత ఆత్మహత్య చేసుకున్నవారి మెదడులో ఒత్తిడి హార్మోనును అందుకునే గ్రాహకానికి చెందిన జన్యువుపై, అది పనిచేసే తీరును మార్చే రసాయనిక గుర్తులు భిన్నంగా ఉన్నాయని మాంట్రియల్ పరిశోధకులు 2009లో గమనించారు. అంటే జన్యువులనూ కష్టాలనూ రెండు పోటీ కారణాలుగా నిలబెట్టడమే సరికాదన్నమాట.

ఇంత చరిత్రలోనూ బతికి బయటపడ్డవారి తర్వాతి జీవితంపై పడిన దృష్టి తక్కువే. వారికి ముప్పు ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువన్నది నిజమే అయినా, పదిమందిలో తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో మరణించడం లేదని దీర్ఘకాల అధ్యయనాలు చెబుతున్నాయి. చెన్నై సహా ఐదు దేశాల నగరాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన ప్రయోగంలో, ఒకసారి వివరంగా మాట్లాడి, ఆపై ఫోన్లతోనో ఇంటికి వెళ్లో తొమ్మిదిసార్లు పలకరించినవారిలో 18 నెలల్లో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం కాగా, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 2.2 శాతం. 2008లో ప్రచురితమైన ఈ ఫలితం కూడా ప్రధానంగా మరణాలనే లెక్కించింది. వారి నిద్ర, పని, బంధాలు ఏ మేరకు కుదుటపడ్డాయన్నది ఇలాంటి లెక్కల్లోకి అంతగా రాలేదు.