కెర్నల్ హ్యాంగ్ అయిందా? ముందు ఆ పవర్ బటన్ మీంచి వేలు తీయండి

లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోసం మాడ్యూల్, అంటే దానికి తగిలించే కోడ్ ముక్క, రాసేవాళ్ల నుంచి ఈ వారంలో ఇది మూడో మెసేజ్. "అన్నా, మాడ్యూల్ లోడ్ చేయగానే మెషిన్ బిగుసుకుపోయింది, పవర్ బటన్ నొక్కి ఆఫ్ చేశా, ఇప్పుడు లాగ్‌లో చూస్తే ఏమీ లేదు, ఏం చేయాలి?" ఏం చేస్తాం తమ్ముడూ, ఉన్న సాక్ష్యం నువ్వే చెరిపేశావు కదా.

అపోహ: హ్యాంగ్ అయిందంటే కెర్నల్ చచ్చిపోయినట్టే, రీసెట్ తప్ప దారి లేదు.

వాస్తవం: చాలాసార్లు చావదు. ఎక్కడో ఒక సీపీయూ గానుగెద్దులా ఒకేచోట తిరుగుతుంటుంది, అంతే. లైనక్స్‌లో వాచ్‌డాగ్ (సీపీయూలు ఇరుక్కున్నాయా అని చూసే కాపలా) థ్రెషోల్డ్ మామూలుగా 10 సెకన్లు, సాఫ్ట్ లాకప్ మెసేజ్ (ఈ సీపీయూ వేరే పనులకి వదలట్లేదు అనే హెచ్చరిక) పడాలంటే దానికి రెట్టింపు, అంటే 20 సెకన్లు దాటాలి, మనవాళ్లు ఐదో సెకనుకే బటన్ నొక్కేస్తారు. ఒక్క అర నిమిషం ఆగండి. తర్వాత ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (మామూలుగా ప్రింట్ స్క్రీన్ కీ), ఎల్ కలిపి నొక్కితే ఏ సీపీయూ ఎక్కడుందో బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో ఆ జాబితా, వస్తుంది (సిస్‌ఆర్‌క్యూ ముందే ఎనేబుల్ చేసి ఉండాలి, చాలా డిస్ట్రోల్లో సగం కట్టేసి ఇస్తారు). ఒకసారి కాదు, రెండు మూడుసార్లు తీయండి, ఎందుకంటే ఒక్క ట్రేస్ చూస్తే అది అక్కడ ఇరుక్కుందో అప్పుడే అటుగా వెళ్తోందో తెలీదు, ప్రతిసారీ అదే ఫంక్షన్‌లో కాస్త అటూ ఇటూగా కనబడితే లూప్ దొరికినట్టే. కేడంప్ (క్రాష్ అయినప్పుడు మెమరీని ఫైల్‌లో దాచే ఏర్పాటు) పెట్టుకుని ఉంటే ఆఖర్న ఎల్ బదులు సీతో అదే కీ కాంబినేషన్ నొక్కి క్రాష్ చేయించండి, మెమరీ మొత్తం చేతికొస్తుంది. లాగ్ డిస్క్‌లోకి చేరుతుందని మాత్రం నమ్మకండి, మెసేజ్‌లని కేబుల్ మీద వేరే మెషిన్‌కి పంపే సీరియల్ కన్సోలో, నెట్‌వర్క్ మీద పంపే నెట్‌కన్సోలో పెట్టుకోండి.

నేనేదో మొదటినుంచీ తెలివైనవాణ్ణని కాదు. మొదట్లో ఒక డ్రైవర్ రాస్తూ మూడు రోజులు రీసెట్లే కొట్టా, ర్యామ్ మీద కూడా అనుమానపడ్డా. ఇంటరప్ట్‌లు (కీబోర్డ్ లాంటివి సీపీయూని పిలిచే సిగ్నళ్లు) ఆపేసి స్పిన్‌లాక్ (దొరికేదాకా సీపీయూ తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకున్న కోడ్ అది, కీబోర్డూ పనిచేయలేదు. చివరికి విసుగొచ్చి క్యూఈఎమ్‌యూలో (వర్చువల్ మెషిన్) నాలుగు సీపీయూలతో బూట్ చేసి జీడీబీ డీబగ్గర్ తగిలించా (కెర్నల్ అడ్రస్సులు బూట్ బూట్‌కీ మారకుండా ఆపే నో-కేఏఎస్ఎల్ఆర్ పెట్టడం మర్చిపోయి ఇంకో గంట తగలేశా, అది వేరే కథ). మూడు సీపీయూలు స్పిన్‌లాక్ దగ్గర కాపలా, నాలుగోది లింక్డ్ లిస్ట్ (ప్రతి నోడ్ తర్వాతి నోడ్ అడ్రస్ పెట్టుకునే గొలుసు) మీద నడుస్తోంది. ఆ నోడ్ ప్రింట్ చేసి చూస్తే నెక్స్ట్ పాయింటర్‌లో దాని అడ్రస్సే ఉంది! రీట్రై చేసేటప్పుడు లిస్ట్ చివర ఉన్న నోడ్‌నే మళ్లీ చివర యాడ్ చేస్తున్నా, అది తననే తాను చూపిస్తుంటే లూప్ ఆగాల్సిన చోటు, అంటే లిస్ట్ హెడ్, ఎప్పటికి దొరుకుతుంది. కెర్నల్ బిల్డ్‌లో డీబగ్ లిస్ట్ ఆప్షన్ ఆన్ చేసి ఉంటే 'డబుల్ యాడ్' అని మొహం మీదే చెప్పేది.

అపోహ: ట్రేస్‌లో పేరొచ్చిన ఫంక్షనే దొంగ.

నా కేసులోనే చూడండి, మూడు సీపీయూలు బాధితులు, లాక్ పట్టుకున్నది ఒక్కటే. ట్రేస్‌లో స్పిన్‌లాక్ స్లోపాత్ (లాక్ కోసం ఎదురుచూసే దారి) అని కనబడగానే స్పిన్‌లాక్ కోడ్ చదవడం మొదలెట్టకండి, ఆ లాక్ ఎవడి దగ్గరుందో చూడండి.

అపోహ: వాచ్‌డాగ్ టైమ్ పెంచితే సరిపోతుంది. పొగ అలారం తీసేస్తే మంట ఆరుతుందా? లూప్‌లో కాండ్-రీషెడ్ (మధ్యలో సీపీయూని వేరే పనికి ఇచ్చే పిలుపు) పెట్టేయమనే సలహా కూడా ఇలాంటిదే, అంతులేని లూప్ అంతులేకుండానే ఉంటుంది, కాకపోతే వార్నింగ్ రాదు. పైగా స్పిన్‌లాక్ పట్టుకుని అది పిలిస్తే ఇంకో బగ్.

అపోహ: లూప్ లోపల ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో మెసేజ్ రాసే ఫంక్షన్) పెడితే తెలిసిపోతుంది. సీరియల్ 1,15,200 బాడ్ మీద సెకనుకి సుమారు 11,500 అక్షరాలే వెళ్తాయి, ఆ ప్రింట్‌లే లాకప్ తెచ్చిపెడతాయి. మెసేజ్‌లని మోతాదులోనే వదిలే రేట్‌లిమిటెడ్ రకం వాడండి, లేదా కన్సోల్‌కి కాకుండా మెమరీ బఫర్‌లోకి రాసే ట్రేస్-ప్రింట్‌కే.

ఇక రీసెట్ కొట్టేసి వచ్చినవాళ్లకి: భయపడకండి, మాడ్యూల్ లోడ్ చేస్తే మళ్లీ హ్యాంగ్ అవుతోందంటే మీరు అదృష్టవంతులే. కేడంప్‌కి మెమరీ రిజర్వ్ చేసి, సిస్‌ఆర్‌క్యూ ఆన్ చేసి, మళ్లీ లోడ్ చేయండి. ట్రేస్ పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.