నల్లమట్టికి గీసిన గీత: అయోవా గరప నేలల వివాదానికి 1960లో పడిన పునాది

2025 మే 16న చికాగో నగరం మీదికి దుమ్ముతుఫాను వస్తోందని అమెరికా జాతీయ వాతావరణ సేవ హెచ్చరిక జారీ చేసింది. ఆ దుమ్ము ఏ ఎడారి నుంచో రాలేదు, మధ్య ఇల్లినాయ్‌లో పైరు ఇంకా నేలను కప్పని పొలాల నుంచే లేచింది. అంతకు రెండేళ్ల ముందు, 2023 మే 1న, అదే రాష్ట్రంలో 55వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద పొలాల దుమ్ము కమ్మేసి డెబ్బైకి పైగా వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి, మనుషులు చనిపోయారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మధ్యపశ్చిమ అమెరికాలో పాత ప్రశ్న ఒకటి మళ్ళీ పైకి వస్తుంది. ప్రపంచంలోనే అత్యంత సారవంతమని పేరుబడ్డ ప్రెయిరీ (ఎత్తైన గడ్డి మైదానం) నల్లమట్టిలో ఇంకా ఎంత మిగిలింది? ప్రభుత్వ పటాలు ఒక జవాబు చెబుతాయి, ఉపగ్రహ చిత్రాలను, గడ్డిభూముల అవశేషాలను కొలిచిన పరిశోధకులు మరొకటి చెబుతారు.

ఈ కథను జాన్ డీర్ ఉక్కు నాగలితోనో, 1930ల దుమ్ముతుఫానులతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ రెండూ చాలామందికి తెలిసినవే కనుక ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. రెండు పక్షాలూ ఒకే నేలను చూస్తూ రెండు వేర్వేరు లెక్కలు ఎందుకు చెబుతున్నాయో తెలియాలంటే 1960లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో జరిగిన ఏడవ అంతర్జాతీయ మృత్తికా శాస్త్ర మహాసభ దగ్గరికి వెళ్ళాలి. అమెరికా వ్యవసాయ శాఖ తాను తయారు చేసిన కొత్త నేల వర్గీకరణను ‘సెవెంత్ అప్రాక్సిమేషన్’ (ఏడవ ముసాయిదా) పేరిట అక్కడే ప్రపంచం ముందు పెట్టింది.

ముందు ఆ నేల సంగతి. అయోవా ఉత్తర మధ్య భాగంలో దెమాయిన్ లోబ్ అనే ప్రాంతం ఉంది. చివరి హిమయుగంలో ఒక మంచుఫలకం నాలుకలా దక్షిణానికి చొచ్చుకొచ్చి, సుమారు 14 వేల ఏళ్ల కిందట వెనక్కి తగ్గుతూ, తాను మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు, బంకమన్ను, సున్నపురాతి పొడి కలగలిసిన మట్టిని అక్కడ వదిలేసింది. దాని మీద వేల ఏళ్లు మనిషెత్తు గడ్డి పెరిగింది. ఏటా చనిపోయే వేళ్ళు నేలలోనే కుళ్ళి కర్బనంగా మారాయి, సున్నం నుంచి వచ్చిన కాల్షియం ఆ కర్బనాన్ని మట్టి రేణువులకు పట్టి ఉంచింది. అలా ఏర్పడ్డ నేలల్లో క్లారియన్ ఒకటి. అది మెరకల మీద, వాలుల మీద ఉండి నీరు చక్కగా ఇంకే గరప నేల. దాని దిగువన నికొలెట్, పల్లంలో నీరు నిలిచే వెబ్‌స్టర్ ఉంటాయి. గుట్టల నెత్తిన, సున్నం పైకే తేలి లేత రంగులో కనిపించే చోట, స్టోర్డెన్ ఉంటుంది. నేటి గొడవంతా క్లారియన్‌కూ స్టోర్డెన్‌కూ మధ్య ఎక్కడ గీత గీయాలన్న దాని చుట్టూనే తిరుగుతోంది.

నేటి వర్గీకరణలో క్లారియన్ పూర్తి హోదా ‘ఫైన్ లోమీ, మిక్స్‌డ్, సూపర్‌యాక్టివ్, మెసిక్ టిపిక్ హాప్లుడాల్స్’. చూడటానికి భయపెట్టే ఈ వరుసలో ప్రతి మాటా ఒక కొలతే. ఫైన్ లోమీ అంటే బంకమన్ను 18 నుంచి 35 శాతం మధ్య ఉండి, తగినంత ఇసుక కూడా కలిసిన గరప. సూపర్‌యాక్టివ్ అంటే ఆ బంకమన్ను పోషకాలను గట్టిగా పట్టి ఉంచగలదని. మెసిక్ అంటే నేల సగటు ఉష్ణోగ్రత ఏడాదికి 8 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుందని. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి పదంలో దాగిన ‘ఆల్’ అనే తునక. ఈ నేల మాలిసాల్స్ అనే గణానికి చెందిందని, అంటే దాని పైన మాలిక్ అనే నల్లని, సారవంతమైన పొర ఉందని అది చెబుతుంది. ఆ పొర పోతే గణం కూడా పోతుంది.

1960కి ముందు ఇలా ఉండేది కాదు. నేల సర్వే పాత అధిపతి కర్టిస్ మార్బట్ తీర్చిదిద్దిన పాత పద్ధతిలోనూ, దాన్ని సవరించి 1938 వ్యవసాయ శాఖ వార్షిక గ్రంథంలో ప్రకటించిన పద్ధతిలోనూ ఇవి ‘ప్రెయిరీ నేలలు’. ఫలానా శీతోష్ణంలో, ఫలానా గడ్డి కింద ఏర్పడ్డ నేలకు ఫలానా పేరు అన్నది ఆనాటి నియమం. నిర్వచనానికి ప్రమాణం మనిషి చెయ్యి పడని కన్నె నేల. పొలం దున్నినా, పైమట్టి సగం కొట్టుకుపోయినా, ఒకప్పుడు అక్కడ ఉండి ఉండాల్సిన నేల పేరే దానికి దక్కేది. శాస్త్రంగా ఇందులో ఒక లోపం ఉంది, లోకజ్ఞానంగా చూస్తే ఒక సౌకర్యమూ ఉంది: ఎంత పాడైనా పేరు మాత్రం చెడదు.

ఆ లోపాన్ని గై స్మిత్ సహించలేకపోయాడు. ఆయన అయోవాలో పుట్టి, ఇల్లినాయ్‌లో గాలి మోసుకొచ్చిన ఒండ్రు నిక్షేపాలను ఏళ్ల తరబడి కొలిచినవాడు. 1950ల మొదట్లో నేల సర్వే అధిపతి చార్లెస్ కెల్లాగ్ కొత్త వర్గీకరణ బాధ్యతను ఆయనకు అప్పగించాడు. స్మిత్ ఎదుట ఉన్న చిక్కు తేలికైనది కాదు. ఒకప్పుడు అయోవా భూభాగంలో దాదాపు 80 శాతాన్ని కప్పిన ప్రెయిరీలో ఇప్పుడు మిగిలింది 0.1 శాతం కూడా లేదు. కన్నె నేలే కానరాని చోట కన్నె నేలను ప్రమాణంగా పెట్టుకోవడం ఎలా? అందుకే ఆయన బృందం ఎలా పుట్టిందన్న ఊహను పక్కనపెట్టి, ఇప్పుడు గొయ్యి తవ్వితే ఏం కనిపిస్తుందో దాన్నే నిర్వచనం చేసింది. మాలిక్ పొర అనిపించుకోవాలంటే మట్టి తడిగా ఉన్నప్పుడు రంగులను సంఖ్యలతో చెప్పే మన్సెల్ రంగుపట్టికలో దాని వెలుగు 3కు మించకూడదు, సేంద్రియ కర్బనం కనీసం 0.6 శాతం ఉండాలి, క్షార సంతృప్తత (మట్టి పట్టి ఉంచే పోషకాల్లో కాల్షియం వంటి క్షారాల వాటా) 50 శాతానికి తగ్గకూడదు. మందం సాధారణంగా 25 సెంటీమీటర్లు ఉండాలి, లోతు తక్కువైన కొన్ని నేలల్లో 18 చాలు.

రంగు, కర్బనం, క్షారం, మందం అన్నీ కలిసి ఎందుకో మన నేలలు చూస్తే వెంటనే తెలుస్తుంది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పొలాల్లోని నల్లరేగడి అయోవా మట్టి కన్నా ఏమంత తక్కువ నలుపు కాదు. అయినా అది ఈ గణంలోకి రాదు, ఎండితే లోతుగా బీటలు వారి, తడిస్తే ఉబ్బే గుణం వల్ల వెర్టిసాల్స్ అనే మరో గణంలో చేరుతుంది. రంగు ఒక్కదాన్నే నమ్మితే ఆ రెండూ ఒకే గాట కట్టాల్సి వచ్చేది.

స్మిత్ బృందం ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. దున్నినంత మాత్రాన నేల గణం మారిపోకూడదని, పై 18 సెంటీమీటర్లను కలిపేసినట్టు భావించి కొలవమంది. 18 సెంటీమీటర్లంటే ఏడు అంగుళాలు, రెక్క నాగలి చాలు లోతు. ఈ జాగ్రత్త దుక్కికి సరిపోయింది గానీ పైమట్టి కొట్టుకుపోయే కోతకు సరిపోలేదు. దుక్కి మట్టిని కలుపుతుంది, కోత దాన్ని తీసుకుపోతుంది. పైన 30 సెంటీమీటర్ల నల్లమట్టి ఉన్న క్లారియన్ వాలు మీద పది సెంటీమీటర్లు పోతే మిగిలేది ఇరవై, ఆపైన నాగలి కింది పసుపు మట్టిని పైకి తెచ్చి కలిపితే రంగు కూడా పలచబడుతుంది. 1965లో ఈ పద్ధతి అధికారికంగా అమల్లోకి వచ్చి, 1975లో ‘సాయిల్ టాక్సానమీ’ పేరుతో గ్రంథమైంది. ఆ పద్ధతి ప్రకారం అలాంటి నేల మాలిసాల్ కాదు. చరిత్రలో మొదటిసారి ప్రెయిరీ నేలకు తన పేరును పోగొట్టుకునే అవకాశం వచ్చింది.

కానీ పటాల మీద ఆ పేరు పోలేదు. నేల సర్వే సిబ్బంది చేతిలో మరో పనిముట్టు ఉంది: ‘టాక్స్‌అడ్జంక్ట్’ అనే వెసులుబాటు. ఒక నేల తన శ్రేణి (క్లారియన్ లాంటి పేరున్న నేల రకం) హద్దులను కొంచెం దాటినా, సాగులో దాని నడత ఒకేలా ఉంటుందనుకుంటే పాత పేరుతోనే పిలవవచ్చు. కౌంటీ (జిల్లా లాంటి విభాగం) నివేదికల్లో కోతపడ్డ వాలుల నేలలకు ఇలా పాత పేరే కొనసాగించారు. అయోవా పటాల్లో 138సి2 అనే గుర్తు ఉంటుంది. 138 అంటే క్లారియన్, సి అంటే ఒక మోస్తరు వాలు, 2 అంటే ఓ మాదిరిగా కోతపడిందని. సర్వే చేతిపుస్తకం ప్రకారం ఈ రెండో తరగతి కోత అంటే తొలి పైమట్టిలో 25 నుంచి 75 శాతం దాకా పోయిందని అర్థం. ముప్పాతిక భాగం పోయినా క్లారియన్ క్లారియన్‌గానే నిలుస్తుంది. సిబ్బందిది మోసమని ఎవరూ అనలేరు, రైతుకు పనికొచ్చే పటం గీయడమే వారి పని. అయితే పుస్తకంలో కొలతగా మారిన పేరు పటంలో గుర్తుగానే మిగిలిపోయింది. నేటి రెండు లెక్కలూ అక్కడే విడిపోయాయని ఈ రచయిత అభిప్రాయం.

2021లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎవన్ థేలర్, ఐజక్ లార్సన్, చియన్ యూ ఆ గుర్తును వదిలి కొలత దగ్గరికి వెళ్ళారు. దుక్కి అయ్యాక బోడిగా ఉన్న పొలాలను ఉపగ్రహ చిత్రాల్లో చూసి, మట్టి రంగును బట్టి కర్బనాన్ని అంచనా వేసి, గుట్టల వంపు వివరాలతో కలిపారు. మొక్కజొన్న మండలం సాగుభూమిలో సుమారు 35 శాతం విస్తీర్ణంలో నల్లని పై పొర పూర్తిగా పోయిందని, 11 శాతం అటూ ఇటూ ఉండవచ్చని తేల్చారు. పంట నష్టం ఏటా దాదాపు 280 కోట్ల డాలర్లని లెక్కకట్టారు. ప్రభుత్వ అంచనాలు దీనికి దరిదాపుల్లో లేవు. ఆ తేడాకు వారు చూపిన కారణం ఆలోచించదగింది. వ్యవసాయ శాఖ నమూనాలు వాన నీరు, గాలి తీసుకుపోయే మట్టినే లెక్కిస్తాయి. గుట్ట నెత్తి నుంచి ప్రతి దుక్కికీ కొంచెం కొంచెంగా నాగలే కిందికి తోసే మట్టి వాటి లెక్కలోకి రాదు. నల్లమట్టి పోయిన చోట్లు ఎక్కువగా ఉబ్బెత్తు గుట్టల మీదే ఉండటం వారి వాదనకు బలం.

మరుసటి ఏడాది ఆ బృందం ఎప్పుడూ దున్నని ప్రెయిరీ ముక్కల అంచుల దగ్గరికి వెళ్ళింది. పక్క పొలం ఆ ముక్క కన్నా ఎంత కిందికి దిగిందో కొలిచి, సాగు మొదలైన సుమారు 160 ఏళ్లలో ఏటా 1.8 మిల్లీమీటర్ల చొప్పున మట్టి పోయిందని చెప్పింది. 2022 చివర్లో వెలువడ్డ మరో అధ్యయనం, విశ్వకిరణాల వల్ల పుట్టి మట్టిలో చేరే బెరీలియం-10 ఆధారంగా, సాగుకు ముందటి సహజ కోత ఏటా 0.04 మిల్లీమీటర్లేనని లెక్కగట్టింది. అంతకు చాలా ముందే అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో జెస్సికా వీన్‌స్ట్రా, లీ బరాస్ మరో దారిలో ఇదే చోటికి చేరుకున్నారు. పాత సర్వే తవ్విన చోట్లనే అర్ధశతాబ్దం తరువాత మళ్ళీ తవ్వి చూస్తే, చెప్పుకోదగ్గ సంఖ్యలో నేలల వర్గీకరణే మారిపోయి కనిపించింది.

అవతలి పక్షం అభ్యంతరాలు కొట్టిపారేయదగినవి కావు. గుట్ట నెత్తిన నల్లమట్టి కన్నె ప్రెయిరీలోనూ పలచగానే ఉండేది, స్టోర్డెన్ మనిషి పుట్టించిన నేల కాదు. ఉపగ్రహానికి కనిపించే రంగును తేమా, పొలంలో మిగిలిన చొప్పా మార్చగలవు. పైగా మెరక మీద పోయిన మట్టిలో కొంత పల్లంలోని వెబ్‌స్టర్ మీదే పేరుకుంది, ఊరు దాటి పోలేదు.

ప్రభుత్వ పక్షానికి ఉన్న ధీమా మాత్రం ఇంకా పాతది. 1909లో నేలల బ్యూరో అధిపతి మిల్టన్ విట్నీ, నేల నాశనం కానిదని, వాడితే తరిగిపోని ఏకైక వనరు అదేనని అధికారిక ప్రచురణలో రాశాడు. ఒక్క చిన్న వాక్యంలో ఇంత ఖరీదైన తప్పుడు సమాచారం పట్టుతుందని తాను ఎరుగనని తరువాతి కాలంలో హ్యూ బెనెట్ ఎద్దేవా చేశాడు. బెనెట్ నాయకత్వంలో 1935లో నేల సంరక్షణ సంస్థ ఏర్పడ్డాక కోత ఉందని ప్రభుత్వం ఒప్పుకుంది గానీ, కొంత కోత సహించదగిందేనన్న ‘టి’ విలువను కూడా తెచ్చింది. ఎకరాకు ఏటా గరిష్ఠంగా 5 టన్నులు, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. 1985 ఆహార భద్రతా చట్టం కింద సబ్సిడీలకు పెట్టిన నేల సంరక్షణ షరతుల వెనుక ఉన్న కొలబద్ద ఇదే. సహజ కోతతో పోలిస్తే ఇది పాతిక రెట్లు.

ఇక డబ్బు సంగతి. అయోవాలో 1971 నుంచి ప్రతి నేలకూ మొక్కజొన్న యోగ్యతా సూచిక (సీఎస్ఆర్) ఉంది, 2013లో దాన్ని సీఎస్ఆర్2గా సవరించారు. కొత్త సూత్రంలో మొదటి అంశమే ఆ నేల ‘సాయిల్ టాక్సానమీ’లో ఏ ఉపవర్గానికి చెందిందన్నది, మిగతావి ఎక్కువగా దాని నుంచి తీసివేసే తగ్గింపులు. భూముల అమ్మకపు ప్రకటనల్లో ఈ సంఖ్యే ముందుంటుంది, కౌలు బేరాల్లోనూ అదే మాట. కౌంటీ అధికారులు మొత్తం వ్యవసాయ భూమి విలువను కమతాల మధ్య పంచేటప్పుడు కూడా దాన్నే చూస్తారు. వాలు మీది క్లారియన్‌ను ఉన్నది ఉన్నట్టు కొలిచి గణం మారిస్తే ఆ కమతం విలువ తగ్గుతుంది. కౌంటీ మొత్తం మాత్రం తగ్గదు గనుక, తేడా పల్లంలోని వెబ్‌స్టర్ యజమానుల పన్ను మీద పడుతుంది. పటం సవరణ మాట వచ్చినప్పుడు ఇద్దరికీ నష్టమే కనిపిస్తుంది: మెరక భూమి ఉన్నవాడికి ధర తగ్గడం, పల్లం భూమి ఉన్నవాడికి పన్ను పెరగడం.