ఐఈఎల్‌టీఎస్ క్లాసులో రోజూ వినిపించే అపోహలు - అసలు వాస్తవాలు

విజయవాడలో ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష) క్లాసులు చెబుతుంటాను. గుంటూరు, తెనాలి నుంచి కూడా పిల్లలు వస్తారు. బ్యాచ్ ఏదైనా మొదటి రోజు అడిగేది మాత్రం ఒకటే: "మేడం, మంచి టెంప్లేట్ ఉంటే ఇవ్వరా?" ఏ ప్రశ్నకైనా అతికించేసే రెడీమేడ్ వ్యాసం అన్నమాట.

అపోహ: టెంప్లేట్ బట్టీ పడితే రైటింగ్ గట్టెక్కుతుంది.

ఇంటర్ నుంచి అంటుకున్న అలవాటు ఇది, అంత తేలిగ్గా వదలదు. ఇక్కడ ఎగ్జామినర్ చూసేవి నాలుగు: అడిగినదానికి జవాబు చెప్పారా, చెప్పింది ఒక వరసలో ఉందా, మాటలు ఎలా వాడారు, గ్రామర్ ఎలా ఉంది. "ఇన్ దిస్ మోడర్న్ ఎరా" అని మొదలుపెట్టి, మధ్యలో ఒక "ప్లెథోరా" (బోలెడన్ని అని అర్థం) ఇరికించేస్తే (ఈ ప్లెథోరాని మా వాళ్ళకి ఎవరు అంటగట్టారో గానీ ప్రతి పేపర్లోనూ ఉంటుంది) అది బట్టీ సరుకని చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

మొన్నీమధ్య సిటీ సెంటర్లలో సొంత వాహనాలు నిషేధించాలా అనే ప్రశ్న ఇచ్చాను. ఒకబ్బాయి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ గురించి పేరాల మీద పేరాలు రాశాడు, ఇంగ్లీషుకి పెద్దగా వంక పెట్టక్కర్లేదు, కానీ నిషేధించాలో వద్దో ఎక్కడా చెప్పలేదు. తప్పులేమీ దిద్దకుండా "ఇంతకీ నువ్వేమంటావ్?" అని కింద రాసి ఇచ్చేశాను. మర్నాడు మొదటి పేరాలోనే, నిషేధించొచ్చు గానీ దుకాణాలకి సరుకు దింపే బండ్లకి మినహాయింపు ఇవ్వాలి అని రాసుకొచ్చాడు. వాళ్ళ నాన్నకి వన్‌టౌన్‌లో షాపు ఉందిలెండి. మీ అభిప్రాయం ఎగ్జామినర్‌కి నచ్చాలని ఏమీ లేదు, అసలంటూ ఒకటి ఉండి, దానికి కారణం చెప్పగలగాలి.

ఇంకో మాట, రైటింగ్‌లో టాస్క్ 2కి (ఇలాంటి వ్యాసం) టాస్క్ 1 (గ్రాఫ్ లాంటిదాన్ని వివరించడం) కంటే రెట్టింపు విలువ. మొదటిదానికి 150 పదాలు, రెండోదానికి 250 పదాలు తగ్గకూడదు, మొత్తం గంట టైం. గ్రాఫ్ ముందేసుకుని అరగంట కూర్చుంటే రెండోది ఎప్పుడు రాస్తారు?

అపోహ: రీడింగ్‌కి జనరల్ నాలెడ్జ్ ఉంటే చాలు.

ఉన్నవాళ్ళే ఎక్కువ దెబ్బ తింటారు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ (పాసేజీ ప్రకారం నిజమా, తప్పా, అసలు అందులో చెప్పలేదా) ప్రశ్నలు చెప్పేటప్పుడు బోర్డు మీద ఇలా రాస్తాను: "ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దాని మీద రోడ్డు ఉంది." ప్రశ్న: "అంతకుముందు అక్కడ ఆనకట్ట లేదు." క్లాసులో సగం మంది "ఫాల్స్ మేడం" అంటారు, ఎందుకంటే బ్రిటిష్ కాలం నాటి ఆనకట్ట సంగతి బెజవాడలో ఎవరికి తెలీదు? కానీ ఆ రెండు వాక్యాల్లో ఆ ముక్క లేదు, కాబట్టి నాట్ గివెన్. పాసేజీలో ఉన్నదే లోకం అనుకుని చదవాలి. నెగెటివ్ మార్కులు మాత్రం లేవు, ఖాళీ వదలకండి.

అపోహ: స్పీకింగ్‌లో ఫారిన్ యాస ఉండాలి.

అక్కర్లేదు. యాస మనదే అయినా మాట స్పష్టంగా అర్థమైతే చాలు. zero, zoo లాంటి మాటల్లో z ని j లా పలికి "జీరో", "జూ" అనడం, ఒక్కో మాటలో ఎక్కడ ఒత్తి పలకాలో తెలియకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా టెన్షన్‌లో గబగబా మాట్లాడేయడం, వీటి మీద పని చేయండి. రెండో పార్ట్‌లో ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు, మాట్లాడటానికి రెండు నిమిషాల దాకా. మధ్యలో ఆపేశారంటే టైం అయిపోయిందని అర్థం, బయటికొచ్చి ఏడవక్కర్లేదు.

అపోహ: సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూస్తే లిజనింగ్ వచ్చేస్తుంది.

అది కూడా రీడింగే! పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది, చివర "ఎస్" వదిలేసినా పోతుంది.

అపోహ: రోజుకో మాక్ టెస్ట్ రాస్తే బ్యాండ్ (ఈ పరీక్షలో ఇచ్చే స్కోరు) దానంతటదే పెరుగుతుంది.

రాసింది దిద్దించుకోకపోతే అవే తప్పులు రోజూ ప్రాక్టీస్ చేసినట్టు.

అపోహ: ఓవరాల్ 6.5 వస్తే చాలు.

లిజనింగ్ 7.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 అనుకోండి. సగటు 6.375, దాన్ని 6.5 చేస్తారు. ఇంట్లో స్వీట్లు కూడా పంచేస్తారు. తీరా చూస్తే చాలా యూనివర్సిటీలు ఓవరాల్‌తో పాటు ఏ ఒక్క దాంట్లోనూ 6కి తగ్గకూడదనే షరతు కూడా పెడతాయి. ఫీజు కట్టే ముందే మీ కోర్సు పేజీ తెరిచి ఓవరాల్ కింద ఉండే ఆ లైను చదువుకుని రండి, మీకు రైటింగ్ మీద ఎన్ని వారాలు పెట్టాలో అప్పుడు చెబుతాను.