ఫైలు మీద ప్రశ్న రాసిన రాష్ట్రపతి

చిరంజీవులైన పిల్లలందరికీ,

ఆశీస్సులు. రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపే కదా, ప్రభుత్వం పంపిన కాగితం మీద సంతకం పెట్టడమే కదా ఆయన పని అని మీరు రాశారు. పెద్దవాళ్లు కూడా ఇదే మాట అంటుంటారు కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే కె.ఆర్. నారాయణన్ గారి గురించి రాయాలి. 1997 జులై 25 నుంచి 2002 జులై 25 వరకు ఆయన మన రాష్ట్రపతి. మీరు పుట్టకముందు సంగతి.

మీరు వేసిన ప్రశ్నకు ఆయనే 1998లో జవాబు చెప్పారు. రాష్ట్రపతి భవన్‌లోకి రాకముందు తానూ రాష్ట్రపతిని రబ్బరు స్టాంపుగానే ఊహించుకున్నానని, వచ్చాక అది పూర్తిగా నిజం కాదని తెలిసిందని ఒక ఇంటర్వ్యూలో దాచుకోకుండా అన్నారు. తాను పరిపాలన చేసే రాష్ట్రపతిని కాననీ, రాజ్యాంగం గీసిన హద్దుల్లో ఉంటూ పని చేసే రాష్ట్రపతిననీ చెప్పారు. ఆ హద్దుల్లోనే ఎంత పని చేయవచ్చో ఐదేళ్లపాటు చూపించారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో లోక్‌సభ ఎన్నికలు జరిగినప్పుడు రాష్ట్రపతి భవన్ ఆవరణలోని పోలింగ్ కేంద్రానికి వెళ్లి, మామూలు ఓటర్లతో పాటు వరుసలో నిలబడి ఓటు వేశారు. అంతకుముందు పదవిలో ఉన్న ఏ రాష్ట్రపతీ సార్వత్రిక ఎన్నికల్లో ఓటు వేయలేదు. రాష్ట్రపతి కూడా పౌరుడేనని ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

ఆయన సొంతూరు కేరళలో కొట్టాయం దగ్గరి ఉళవూరు. సమాజం అంటరానిదిగా చూసిన కులంలో పుట్టారు. తండ్రి రామన్ మూలికలతో వైద్యం చేసేవారు, రాబడి అంతంత మాత్రం. బడికి రోజూ మైళ్ల కొద్దీ నడక. బడి ఫీజు కట్టలేక తరగతి గది బయట నిలబడి పాఠాలు విన్న రోజులున్నాయి. పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఆస్తమాతో ఇంటిపట్టున ఉండే అన్న నీలకంఠన్, ఇతరుల దగ్గర అరువు తెచ్చిన పుస్తకాలను చేత్తో ఎత్తిరాసి తమ్ముడికి ఇచ్చేవారు. ఆయన చదువు గురించి ఎక్కడ చదివినా నాకు ముందు ఆ అన్నగారే గుర్తొస్తారు. తమ్ముడు తిరువాన్కూరు విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంలో మొదటి ర్యాంకుతో ఎం.ఏ. పూర్తి చేశాడు. అయినా అధ్యాపక ఉద్యోగం ఇవ్వలేదు. అందుకు నిరసనగా స్నాతకోత్సవంలో పట్టా తీసుకోవడానికి నిరాకరించాడు. అప్పుడు ఆ యువకుడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి.

తర్వాతి జీవితాన్ని గబగబా చెప్పేస్తాను. కొంతకాలం పత్రికల్లో పనిచేశారు. టాటాల సాయంతో లండన్ వెళ్లి చదువుకున్నారు. 1949లో విదేశాంగ శాఖలో చేరి చైనా, అమెరికా దేశాలలో మన రాయబారిగా పనిచేశారు. మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు, 1992లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1997లో రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజు, ఈ నేల దుమ్ములో ఎండలో పెరిగిన మనిషికి దేశం తన అత్యున్నత పదవిని ఇచ్చిందంటే, సామాన్యుడి గోడు దేశ రాజకీయాల నడిమధ్యకు వచ్చిందని అర్థమని, తన సంతోషం అందుకేనని, సొంత గౌరవం కోసం కాదని అన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలి. రాజ్యాంగంలోని 74వ అధికరణం అదే చెబుతుంది. కానీ 1978లో చేసిన 44వ సవరణ ఒక కిటికీ తెరిచింది. సలహా సరిగా లేదనిపిస్తే మళ్లీ ఆలోచించమని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపవచ్చు. రెండోసారీ అదే సలహా వస్తే మాత్రం ఆమోదించాల్సిందే.

1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ శాసనసభలో బలపరీక్ష రోజున సభ్యులు మైకులు పీకి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టాలని గవర్నరు సిఫారసు చేశారు. ప్రధాని ఐ.కె. గుజ్రాల్ మంత్రివర్గం సరేనని ఫైలు పంపింది. సభలో మెజారిటీ నిరూపించుకున్నానంటున్న ప్రభుత్వాన్ని ఎలా తీసేస్తారు? నారాయణన్ ఫైలు వెనక్కి పంపారు, మంత్రివర్గం ఆ ఆలోచన మానుకుంది. దాదాపు ఏడాదికి, 1998 సెప్టెంబరులో, వాజ్‌పేయి మంత్రివర్గం బీహార్‌లో రబ్రీ దేవి ప్రభుత్వం విషయంలో అలాంటి సిఫారసే చేసింది. దాన్నీ వెనక్కి పంపారు. మొదటిసారి లాభపడింది భారతీయ జనతా పార్టీ, రెండోసారి లాభపడింది దాని ప్రత్యర్థులు. ఆయన ఏ పార్టీ వైపు అని అడిగేవాళ్లకు ఈ రెండు తేదీలూ చూపించండి. బీహార్‌లో దళితుల ఊచకోతల తర్వాత 1999 ఫిబ్రవరిలో మంత్రివర్గం మళ్లీ సిఫారసు చేసినప్పుడు ఆయన ఆమోదించారు. రాజ్యసభలో బలం లేక ప్రభుత్వమే నెల తిరగకుండా ఆ పాలనను ఉపసంహరించుకుంది.

సంతకం ఒక ఎత్తు, ప్రసంగం ఒక ఎత్తు. పార్లమెంటు ఉభయసభలను ఉద్దేశించి రాష్ట్రపతి చదివే ప్రసంగం ప్రభుత్వం రాసిచ్చినది. జనవరి 25 సాయంత్రం దేశ ప్రజలతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయనకు కొంత వెసులుబాటు ఉంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1967లో అదే సందర్భంలో దేశంలోని అసమర్థతను, వనరుల దుర్వినియోగాన్ని క్షమించలేమని అన్నారు. ఆ దారిలో నారాయణన్ ఇంకా దూరం వెళ్లారు.

2000 జనవరి 25 నాటి ప్రసంగం మీరు తప్పకుండా చదవాలి. అది గణతంత్రానికి యాభై ఏళ్లు నిండుతున్న సందర్భం. అందరూ పండగ మాటలు చెప్పే రోజున ఆయన లెక్కలు విప్పారు. ప్రపంచంలోనే పెద్ద సాంకేతిక నిపుణుల సమూహాల్లో ఒకటి మనకు ఉంది, నిరక్షరాస్యులు అందరికంటే ఎక్కువ ఉన్నదీ మన దగ్గరే. పెద్ద మధ్యతరగతి మనది, పేదరికంలో ఉన్నవాళ్లు, తిండి చాలని పిల్లలు ఎక్కువ ఉన్నదీ మన దగ్గరే. పూరిగుడిసెల మధ్య నుంచి మన ఉపగ్రహాలు నింగికి ఎగురుతున్నాయన్నారు. సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అనే మూడు దారుల వేగవంతమైన రహదారి మీద బలంలేని భారతదేశం కూడా క్షేమంగా నడిచి దాటే చోట్లు ఉండాలన్నారు. ఓర్పుగల మనిషి కోపంతో జాగ్రత్త అని పాత సామెత చెబుతుంది, ఓర్పుతో ఎంతోకాలం బాధలు పడ్డ ప్రజల కోపంతో జాగ్రత్త అని నేనంటాను అన్నారు. దేశాధినేత నోట ఈ హెచ్చరిక రావడం కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం ఆ పదవిలోంచి వచ్చిన అత్యంత నిజాయితీ గల మాట అదేననిపిస్తుంది. కోపాన్ని రెచ్చగొట్టడం వేరు, కోపం ఎందుకు పుడుతోందో పాలించేవాళ్లకు చెప్పడం వేరు.

రెండు రోజుల తర్వాత పార్లమెంటు సెంట్రల్ హాలులో స్వర్ణోత్సవ సభ జరిగింది. రాజ్యాంగాన్ని సమీక్షించాలని ప్రభుత్వం అప్పటికే అంటోంది. ప్రధాని, మంత్రులు, సభ్యులందరి ముందు నారాయణన్ అడిగారు: రాజ్యాంగం మనల్ని విఫలం చేసిందా, మనమే రాజ్యాంగాన్ని విఫలం చేశామా? మరుసటి నెలలో జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అధ్యక్షతన సమీక్షా సంఘం ఏర్పడింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోబోమని, పనితీరునే పరిశీలిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీకి ఆయన ప్రశ్న ఒక్కటే కారణమని చెప్పను, కానీ ఆ చర్చ జరిగిన ప్రతిచోటా ఆ ప్రశ్న వినిపించింది.

మతం పేరిట హింస జరిగినప్పుడూ ఆయన మెత్తగా మాట్లాడలేదు. 1992లో బాబ్రీ మసీదు కూల్చివేతను గాంధీజీ హత్య తర్వాత దేశం ఎదుర్కొన్న అతి పెద్ద విషాదమన్నారు. 1999 జనవరిలో ఒడిశాలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవంగా కాల్చేసినప్పుడు, అది ప్రపంచంలోని నల్లని కృత్యాల జాబితాలో చేరేదన్నారు. 2002 గుజరాత్ అల్లర్ల సమయంలో ప్రధానికి లేఖలు రాశానని పదవి దిగాక వెల్లడించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌కు ఇచ్చిన విందులోనూ, ప్రపంచం ఒక పల్లెగా మారినంత మాత్రాన ఒక్క గ్రామపెద్దే దాన్ని నడపాలని లేదని ఒక ఆఫ్రికా నేత అన్న మాటను అతిథి ముందే ఉటంకించారు.

ఇప్పుడు మన ప్రాంతానికి దగ్గరి విషయం. 2000 డిసెంబరులో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో, బాక్సైట్ ప్రాజెక్టు వద్దన్న ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. మరుసటి నెల గణతంత్ర దినోత్సవ ప్రసంగంలో నారాయణన్ తూర్పు భారతంలో బాక్సైట్, ఇనుప ఖనిజాల తవ్వకం అడవులను, నీటి వనరులను నాశనం చేస్తోందన్నారు. పచ్చని నేలను, శతాబ్దాలుగా అక్కడ బతుకుతున్న అమాయక ఆదివాసీలను నాశనం చేసి భారత గణతంత్రాన్ని కట్టారని రేపటి తరాలు అనుకోకూడదన్నారు. ఆదివాసుల భూములు ఇతరులకు, కంపెనీలకు పోకుండా పార్లమెంటు చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు ఉన్నాయని గుర్తుచేశారు.

అలాంటి తీర్పుల్లో అన్నిటికంటే పేరున్నది మన విశాఖ ఏజెన్సీ నుంచి వెళ్లిన సమత కేసు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జులైలో తీర్పు వచ్చింది. గిరిజన ప్రాంతాల భూములు గిరిజనేతరులకు పోకుండా ఆపే, మన పెద్దలు 1/70 చట్టమని చెప్పుకునే నిబంధనలకు ఈ తీర్పుతో అంత బలం వచ్చింది. తీర్పు రాసినది జస్టిస్ కె. రామస్వామి. తెలుగువారు, దళితుడు. ఆ తర్వాత రోజుల వ్యవధిలోనే ఆయన పదవీ విరమణ చేశారు. ఆయన వెళ్లాక 2000 దాకా సుప్రీంకోర్టులో మరో దళిత న్యాయమూర్తి లేరు.

నారాయణన్ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే సాహసంగా కనిపించేది ఇక్కడే మొదలవుతుంది. 1998 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకాల ఫైలు ఆయన దగ్గరకు వచ్చింది. ఆ నియామకాలను ఆయన ఆపలేదు. ఆమోదిస్తూనే ఫైలు మీద తన అభిప్రాయం నమోదు చేశారు. జనాభాలో నాలుగో వంతు ఉన్న షెడ్యూల్డ్ కులాలు, తెగల వారిని, మహిళలను కూడా తగినట్టు పరిగణనలోకి తీసుకుంటే అది రాజ్యాంగ సూత్రాలకు అనుగుణంగా ఉంటుందని రాశారు. ఈ వర్గాల్లో అర్హులు ఉన్నారని, వారికి తక్కువ చోటు ఇవ్వడం, అసలే ఇవ్వకపోవడం సమర్థనీయం కాదని కూడా రాశారు. అప్పటికి సుప్రీంకోర్టులో ఉన్న మహిళా న్యాయమూర్తి ఒక్కరే, జస్టిస్ సుజాతా మనోహర్.

ఆ మాటలు బయటికి పొక్కాక పెద్ద దుమారం రేగింది. ప్రతిభకు కులం అంటగడుతున్నారన్నారు, రాష్ట్రపతి హద్దు మీరారన్నారు. నియామకాలకు ప్రతిభే కొలమానమని ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎస్. ఆనంద్ సమాధానమిచ్చారు. ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయకండి, న్యాయమూర్తికి చట్టం తెలియాలి, నిష్పక్షపాతం ఉండాలి, అందులో రాజీ లేదు. కానీ నారాయణన్ రాసినదాన్ని మళ్లీ చదవండి. అర్హత లేకపోయినా ఇవ్వమని ఎక్కడా అనలేదు. అర్హులు ఉన్నా ఎందుకు కనిపించడం లేదని అడిగారు. మొదటి ర్యాంకు వచ్చినా ఉద్యోగం దక్కని మనిషికి ప్రతిభ అనే మాట ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో స్వయంగా తెలుసు. సమత తీర్పు ఎవరి కలం నుంచి వచ్చిందో చూశారు కదా. బతుకు లోతులు తెలిసినవాళ్లు ధర్మాసనం మీద ఉంటే, చట్టం చదివే తీరులో ఆ తెలివిడి ఉంటుంది. ఇది నా నమ్మకం, వాదించాలనుకుంటే వాదించండి, జవాబు రాస్తాను.

2000 జూన్‌లో కేరళకు చెందిన కె.జి. బాలకృష్ణన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా వచ్చారు. నారాయణన్ పదవి దిగాక కూడా ఊరుకోలేదు. 2004 జనవరిలో ముంబైలో జరిగిన ప్రపంచ సామాజిక వేదికకు వెళ్లి, దేశదేశాల నుంచి వచ్చిన ఉద్యమకారుల ముందు మాట్లాడారు. 2005 నవంబరు 9న ఢిల్లీలో కన్నుమూశారు. 2007 జనవరిలో బాలకృష్ణన్ భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే, పుట్టింది కూడా కొట్టాయం జిల్లాలోనే.

ఫైలు వెనక్కి పంపడం గురించి రాసిన చోట రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణం, దాని వాడకానికి హద్దులు గీసిన 1994 నాటి సుప్రీంకోర్టు బొమ్మై తీర్పు చెప్పకుండా దాటేశాను. రెండూ పెద్ద విషయాలే. ఈలోగా 2000 జనవరి 25, 27 తేదీల ప్రసంగాలు రెండూ వెతికి చదివి, అర్థం కాని చోటల్లా గీత గీసి పెట్టుకోండి. వాటితో పాటే బొమ్మై తీర్పు గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య