పెట్టె మీద 150 పీఎస్ఐ, చేతిలో నల్లపొడి: గాలి కంప్రెసర్లపై అపోహలు - వాస్తవాలు

రిమ్ము నుంచి టైరు విప్పగానే లోపలి నుంచి గుప్పెడు నల్లపొడి రాలింది. బయటి నుంచి చూస్తే ఆ టైరు కొత్తదే. పువ్వు (రోడ్డును తాకే ట్రెడ్) అరగలేదు, ఎక్కడా కోత లేదు. కానీ లోపలి పక్కగోడల రబ్బరు చుట్టూ ఒరుసుకుపోయి పొడిగా మారింది. రెండో టైరు కూడా విప్పాను. అందులోనూ అదే పొడి.

ఆ బండి నెల్లూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడిది. పండుగకు ఊరెళ్లి, సముద్రం వైపు ఉన్న తమ సరుగుడు తోటకు ఇసుక దారిలో వెళ్లడానికి నాలుగు టైర్లలో గాలిని 16 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) దించాడు. ఇసుకలో టైరు దిగబడకుండా ఉండాలంటే దించడం సరైన పనే. తిరిగి తారురోడ్డు ఎక్కేటప్పుడు వెంట తెచ్చుకున్న చిన్న కంప్రెసర్ రెండు టైర్లు నింపి గాలి ఇవ్వడం మానేసింది. మిగిలిన రెండింటినీ అలాగే 16 మీద ఉంచి, బంకు వచ్చేదాకా 30 కిలోమీటర్లు మామూలు వేగంతోనే నడిపాడు. గాలి తక్కువైన టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ పక్కగోడ మడతపడుతుంది, ఆ మడతలో వేడి పుడుతుంది. ఆ వేడికే లోపలి రబ్బరు పొడిగా రాలింది. తర్వాత ఎంత గాలి కొట్టినా అలాంటి టైరును నమ్మకూడదు, ఎప్పుడైనా పేలవచ్చు. రెండూ పారేయించాను.

నాది మదనపల్లె. బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర 17 ఏళ్లుగా టైర్ల పని చేస్తున్నాను. శని, ఆదివారాల్లో సకలేశపుర వైపు, కొడగు వైపు బండ్లు తీసుకెళ్లేవారిలో చాలామంది నా దగ్గరికి వస్తారు. వారిలో సగం మంది తెలుగువారే. కంప్రెసర్ కొనే ముందు వారు చెప్పే మాటల్లో కొన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

అపోహ: "అన్నా, పెట్టె మీద 150 పీఎస్ఐ అని ఉంది. మన టైరుకు 32 చాలు కదా, ఇంకేమి కావాలి?"

ఎక్కువగా వినిపించేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఈ మాటే. మా మదనపల్లె వైపు రైతు బోరు మోటారు కొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగుతాడు: ఎంత లోతు నుంచి తోడుతుంది? ఎన్ని అంగుళాల నీళ్లు పోస్తుంది? మొదటిది తెలిస్తే రెండోది తెలిసినట్టు కాదు. కంప్రెసర్ మీద రాసిన పీఎస్ఐ కూడా అలాంటిదే. ఎంత బలంగా నెట్టగలదో అది చెబుతుంది, ఎంత గాలి ఇస్తుందో చెప్పదు. మంచి సైకిల్ పంపు కూడా 100 పీఎస్ఐ దాటిస్తుంది. దానితో జీపు టైరు నింపబోతే చేతులు పడిపోతాయి.

మీరు అడగవలసింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి అన్నది. కొన్నిటి మీద ఘనపుటడుగుల్లో రాస్తారు. ఒక ఘనపుటడుగు అంటే సుమారు 28 లీటర్లు.

లెక్క ఇలా ఉంటుంది. 255/65 ఆర్18 సైజు టైరు లోపల సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. దాన్ని 18 నుంచి 32 పీఎస్ఐకి పెంచాలంటే, బయటి గాలి లెక్కన మరో 70 లీటర్ల దాకా లోపలికి నెట్టాలి. నాలుగు టైర్లకు 280 లీటర్లు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. పెట్టె మీద రాసే లీటర్లు చాలాసార్లు ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు కొలిచినవి. గొట్టం టైరుకు తగిలించి 25 పీఎస్ఐ ఎదురు నిలిచాక ఆ అంకె బాగా పడిపోతుంది. 35 లీటర్లు అని రాసిన చిన్న యంత్రం టైరు దగ్గర 20 ఇచ్చిందనుకుంటే నాలుగు టైర్లకు 14 నిమిషాలు పడుతుంది. 72 అని రాసినది 50 ఇచ్చినా ఆరు నిమిషాల్లోపు ముగుస్తుంది. రెండు సిలిండర్లది, 150 అని రాసినది 110 ఇస్తే మూడు నిమిషాలు కూడా పట్టదు.

"14 నిమిషాలే కదా, ఆగలేమా?" అని మీరు అడగవచ్చు. మీరు ఆగగలరు, యంత్రం ఆగలేదు. రెండో అపోహ అక్కడే మొదలవుతుంది.

అపోహ: మోటారు తిరుగుతున్నంతసేపు వాడుకోవచ్చు.

ప్రతి కంప్రెసర్‌కూ పనికీ విశ్రాంతికీ ఒక నిష్పత్తి ఉంటుంది. దాన్ని డ్యూటీ సైకిల్ అంటారు. పది నిమిషాలు నడిపి పది నిమిషాలు ఆపాలని చిన్నవాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం చదివినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడంతా సిలిండర్ తల మీదికి వస్తుంది. ఈ చిన్న యంత్రాల్లో నూనె ఉండదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగే ఒరుసుకుంటూ గాలి జారకుండా ఆపుతుంది. వేడి హద్దు దాటితే ఆ రింగు మెత్తబడి అరిగిపోతుంది. ఆ తర్వాత మోటారు శబ్దం మామూలుగానే వస్తుంది, గాలి మాత్రం రాదు. నెల్లూరు తమ్ముడి కంప్రెసర్‌ను విప్పి చూశాను. మోటారుకు ఏమీ కాలేదు, రింగు పోయింది.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, వేడి ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు. అలా ఆగిపోయినప్పుడు యంత్రం చెడిపోయిందని కంగారుపడకండి, చల్లారాక మళ్లీ నడుస్తుంది. రెండోది, డ్యూటీ సైకిల్‌ను ఏ ఒత్తిడి దగ్గర, ఎంత వాతావరణ వేడిలో కొలిచారన్నది. నిజాయితీగా తయారు చేసేవారు ఆ రెండూ రాస్తారు. ఉత్త శాతం మాత్రమే రాసి ఊరుకున్నదాని మీద నాకు నమ్మకం లేదు.

నలుగురు కలిసి నాలుగు బండ్లలో వెళ్లి, ఒకరి దగ్గర చిన్న కంప్రెసర్ ఉంది కదా అని ధైర్యంగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. 16 టైర్లంటే ఆ లెక్కన దాదాపు గంట పని. మధ్యలో విశ్రాంతి కూడా ఇవ్వాలి. అప్పటికి చీకటి పడుతుంది, ఓపిక పోతుంది, చివరి బండివారు "బంకు దాకా ఇలాగే వెళ్లిపోతాను" అంటారు.

అపోహ: సిగరెట్ లైటర్ సాకెట్ ఉండగా బానెట్ ఎత్తడం ఎందుకు?

చాలా బండ్లలో ఆ సాకెట్‌కు ఉండే ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లది. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లంటే 180 వాట్లు. అంతకన్నా ఎక్కువ కరెంటు లాగే యంత్రం దాని మీద నడవదు. ఒక సిలిండరున్న గట్టి కంప్రెసర్ 25-30 ఆంపియర్లు లాగుతుంది, రెండు సిలిండర్లది 50 దాటుతుంది. అందుకే వాటికి నేరుగా బ్యాటరీకి తగిలించే క్లిప్పులు ఇస్తారు. ఎర్రది ప్లస్‌కు, నల్లది బండి తయారీదారు సూచించిన బాడీ ఎర్తింగ్‌కు పెట్టండి. బ్యాటరీ మైనస్ మీద సెన్సరు ఉన్న కొత్త బండ్లలో ఇది మరీ ముఖ్యం. ఇంజిన్ నడుస్తూ ఉండాలి. అప్పుడే మోటారుకు 13.5 వోల్టుల పైన అందుతుంది, బ్యాటరీ కూడా దిగదు. ఇదంతా ఆరుబయటే చేయండి, మూసిన గ్యారేజీలో చేయవద్దు.

ఫ్యూజు పదే పదే పోతోందని పెద్ద ఫ్యూజు వేయించుకున్న బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. సాకెట్ వెనక తీగ తొడుగు కరిగి పక్క తీగకు అంటుకుంది. తీగను కాపాడేది ఫ్యూజే. దాన్ని పెద్దది చేస్తే మంటకు దారి ఇచ్చినట్టే.

ఒక చిన్న మాట: వైరు చాలలేదని సన్నని వైరు అతికించి పొడిగించవద్దు. దారిలోనే వోల్టేజీ పడిపోయి మోటారు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. పొడిగించవలసింది గాలి గొట్టాన్ని. బానెట్ దగ్గర నుంచి వెనక టైరు దాకా అందేలా ఏడెనిమిది మీటర్ల అల్లిక గొట్టం ఉంటే చాలు.

అపోహ: ట్యాంకు ఉన్నది కొంటే వేగంగా నిండుతుంది.

ఆరు లీటర్ల ట్యాంకును 120 పీఎస్ఐకి నింపి, 32 పీఎస్ఐ దాకా వాడుకుంటే అందులో నుంచి వచ్చే గాలి 36 లీటర్లు. అంటే పైన చెప్పిన టైర్లలో ఒకదానికి సగం. ఆ తర్వాత ట్యాంకు ఉన్నా లేకపోయినా మోటారు ఎంత ఇస్తే అంతే. దుమ్ము ఊదడానికి, గాలితో నడిచే పనిముట్లకు ట్యాంకు పనికొస్తుంది. టైర్లకు మాత్రమే అయితే ఆ డబ్బును పెద్ద పంపు మీద పెట్టండి.

అపోహ: ఛార్జింగ్‌తో నడిచే చేతి కంప్రెసర్ చాలు.

నగరంలో తిరిగే కారుకు చాలు. 29 ఉన్న టైరును 33 చేయడానికి అది హాయిగా ఉంటుంది, నా భార్య స్కూటరుకు నేనే ఒకటి కొనిచ్చాను. 16 నుంచి 32కి నాలుగు పెద్ద టైర్లు ఎక్కించడం మాత్రం దాని పని కాదు. మూడో టైరుకే ఛార్జింగ్ అయిపోవచ్చు. ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు మీద దాన్ని వదిలేయవద్దు, లోపల ఉండేది లిథియం బ్యాటరీ.

బండితో పాటు వచ్చే చిన్న కంప్రెసర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు గాలిని కనిపెట్టి చెప్పే వ్యవస్థ, పంక్చర్ మరమ్మతు కిట్టు ఉంటే 3.5 టన్నుల లోపు కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నది. ఆ కిట్టులో ఉండే కంప్రెసర్ ఒక పంక్చర్ నుంచి గట్టెక్కించడానికి ఇచ్చినది. దాన్ని ఇసుకలోకి తీసుకెళ్లి నాలుగు టైర్లు నింపమనడం అన్యాయం.

అపోహ: గేజి 32 చూపిస్తే 32 ఉన్నట్టే.

కంప్రెసర్ నడుస్తుండగా గొట్టం మీది గేజి చూపించేది గొట్టంలోని ఒత్తిడిని. టైరులో అంతకన్నా తక్కువే ఉంటుంది. మోటారు ఆపి, ముల్లు నిలిచాక చూడండి. విడిగా ఒక మంచి గేజి కొనుక్కోవడం ఇంకా మంచిది. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద చదవండి. టైరు పక్కగోడ మీద ఉన్నది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీరు నింపవలసినది కాదు.

అపోహ: ఇక్కడ బాగా పనిచేసినది లద్దాఖ్‌లోనూ అలాగే పనిచేస్తుంది.

ఈ విషయం మీద నాకు ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే ఇందులో గాలి అంటే ఏమిటో తెలుస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ 3,500 మీటర్లు, ఖర్దుంగ్ లా కనుమ 5,300 పైన. ఆ కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. కంప్రెసర్ పిస్టన్ ప్రతిసారీ అంతే చోటును పీలుస్తుంది, కానీ ఆ చోటులో ఉన్న గాలే సగం. కాబట్టి చెన్నై తీరంలో నాలుగు నిమిషాల్లో ముగిసే పనికి ఆ కనుమ మీద ఎనిమిది నిమిషాలు పడుతుంది, కొంచెం ఎక్కువే పట్టవచ్చు. డ్యూటీ సైకిల్‌ను కూడా దానికి తగ్గట్టు లెక్కపెట్టుకోవాలి.

బెంగళూరులో 32 పెట్టుకుని బయలుదేరితే లేహ్‌లో ఎంత చూపిస్తుందని అడుగుతారు. ఎత్తు వల్ల బయటి ఒత్తిడి తగ్గి గేజి మీద మూడున్నర పీఎస్ఐ దాకా పెరుగుతుంది. చలి వల్ల సుమారు ప్రతి 6 డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున తగ్గుతుంది. తెల్లవారుజామున రెండూ ఇంచుమించు సరిపోతాయి, మధ్యాహ్నం ఎండలో సరిపోవు. కాబట్టి అక్కడే, పొద్దున్నే, బండి కదలక ముందే కొలవాలి.

అపోహ: రిమ్ము నుంచి ఊడిన టైరును కంప్రెసర్‌తో మళ్లీ కూర్చోబెట్టవచ్చు.

చిన్నదానితో కుదరదు. టైరు అంచు రిమ్ముకు ఎగిరి అంటుకోవాలంటే ఒక్కసారిగా బోలెడు గాలి రావాలి. పెద్ద కంప్రెసర్ ఉంటే చక్రం పైకి లేపి, అంచుకు సబ్బునీళ్లు రాసి, వాల్వ్ లోపలి పిన్ను తీసి గాలి కొడితే ఒక్కోసారి కూర్చుంటుంది. కూర్చున్నాక పిన్ను బిగించి గాలి నింపుకోవాలి. మండే స్ప్రే కొట్టి నిప్పు పెట్టే వీడియోలు చూసి దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు. టైరు పేలితే ముఖం మీదే పేలుతుంది. అసలు బీడ్‌లాక్ (టైరు అంచును రిమ్ముకు బిగించి పట్టే ఏర్పాటు) లేని రిమ్ముల మీద 15 కంటే కిందికి దించకపోతే ఈ అవసరమే చాలావరకు రాదు.

నైట్రోజన్ నింపిన టైరులో మామూలు గాలి కొట్టకూడదా అని కూడా అడుగుతారు. కొట్టవచ్చు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే.

కొన్న తర్వాత, ప్రయాణానికి ముందు రోజు ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయండి. ఒక టైరును 20కి దించి, 30కి ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులో చూసుకోండి. 255/65 ఆర్18 టైరుకు ఆ 10 పీఎస్ఐ అంటే 48 లీటర్ల గాలి. రెండు నిమిషాలు పడితే మీ యంత్రం నిజంగా ఇచ్చేది నిమిషానికి 24 లీటర్లు, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా సరే. ఆ నిమిషాలను ఒక కాగితం మీద రాసి కంప్రెసర్ సంచిలోనే ఉంచండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఆ సమయం బాగా పెరిగితే ముందుగా గాలి పీల్చే చోట ఉన్న స్పాంజి వడపోతను తీసి దుమ్ము దులపండి. అప్పటికీ తగ్గకపోతే రింగు అరిగినట్టు. ఊరు దాటక ముందే మార్పించండి.