ప్రేమతో చేసే పరిచర్య: అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా నా దగ్గరికి వచ్చి "ఇక పరిచర్య మానేస్తానండీ" అనేవారిలో దేవుణ్ణి వదిలేయాలనుకునేవారు అరుదు. వారు అలసిపోయి వస్తారు. కాసేపు మాట్లాడితే ఆ అలసట వెనుక ఏదో ఒక అపోహ బయటపడుతుంది.

అపోహ: ఎంత సేవ చేస్తే దేవుడు అంత ప్రేమిస్తాడు.

ఇక్కడ వరుస తలకిందులైంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో పది ఆజ్ఞలకన్నా ముందే, ఐగుప్తు దాస్యం నుంచి మిమ్మల్ని రప్పించింది నేనే అంటాడు దేవుడు. విడుదల ముందు వచ్చింది, ఆజ్ఞలు తర్వాత వచ్చాయి. ఆజ్ఞలు పాటించిన బహుమానంగా ఎర్ర సముద్రం చీలలేదు.

అపోహ: ఏ లోటూ రాకుండా పనిచేస్తున్నానంటే నాకు ప్రేమ ఉన్నట్టే.

లూకా 15లో తప్పిపోయిన కుమారుడి గురించి చాలా ప్రసంగాలు విన్నాం. నాకు భయం వేసేది అతని అన్నను చూస్తేనే. పొలం నుంచి వస్తూ, తిరిగొచ్చిన తమ్ముడి కోసం తండ్రి చేస్తున్న విందు సంగీతం విని, లోపలికి రానని గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇన్నేళ్లు నీకు సేవ చేశాను, నీ మాట మీరలేదు, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని తండ్రిని నిలదీశాడు. అక్కడ "సేవ"కు వాడిన గ్రీకు క్రియ దాసుడు చేసే చాకిరీకి వాడేది. కొడుకై ఉండి కూలి లెక్క రాసుకున్నాడు. పైగా "నా తమ్ముడు" అనడానికి నోరు రాక "నీ కుమారుడు" అన్నాడు. తండ్రి జవాబులో నెమ్మదిగా "నీ తమ్ముడు" అని సరిదిద్దాడు.

ఈ జబ్బు ఏళ్ల తరబడి ముందు వరుసలో ఉన్నవారికే పడుతుంది. నాకూ పట్టింది. నిన్నగాక మొన్న వచ్చిన యువకుడు ప్రసంగిస్తే సంఘమంతా మెచ్చుకుంది. నేను రెండు రోజులు ముభావంగా తిరిగాను.

అపోహ: మనసు లేనప్పుడు చేసే సేవ వేషధారణ.

రాహేలు కోసం యాకోబు చేసిన ఏడేళ్ల కొలువు, ఆమె మీది ప్రేమవల్ల, అతనికి కొద్ది రోజుల్లా తోచిందని ఆదికాండం 29 చెబుతుంది. ఇది అందరికీ తెలిసిన మాటే. రాహేలు తండ్రి లాబాను ముందు పెద్ద కూతురినిచ్చి మోసం చేశాక యాకోబు రాహేలు కోసం మరో ఏడేళ్లు పనిచేశాడు. ఆ ఏడేళ్లు కొద్ది రోజుల్లా తోచాయని మాత్రం ఎక్కడా రాయలేదు. బహుశా తోచలేదేమో. అయినా చేశాడు. ఉత్సాహం తగ్గినంత మాత్రాన ప్రేమ పోయినట్టు కాదు.

అపోహ: ప్రేమ ఉంటే ఆజ్ఞలతో పనిలేదు.

యోహాను 14:15 చదవండి. ప్రేమిస్తే ఆజ్ఞలు పాటిస్తారనే యేసు చెప్పాడు.

అపోహ: "ఇప్పుడు చేయలేను" అనడం భక్తిలో లోపం.

ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ నిద్రపోతే పోనిచ్చాడు. అలసి వచ్చినవారి పేరు నేను ఒక నెలపాటు పనుల జాబితాలోంచి తీసేస్తాను. వచ్చి ఊరికే కూర్చోమంటాను. కొందరు మూడో వారానికే ఏదో ఒక పని వెతుక్కుంటారు. కొందరు నెల దాటినా అడగరు. వారిని పనికి పిలవను. పలకరించడానికి మాత్రం వెళ్తాను.