రష్యా గతం మీద హాస్య మిస్టరీ నవలలు: అపోహలు - వాస్తవాలు

పాత రష్యా పత్రాలను తిరగేసే పరిశోధకుడు కథానాయకుడిగా నేను హాస్య అపరాధ పరిశోధన నవలలు రాస్తాను. పాఠకుల నుంచీ, ఈ దారిలోకి కొత్తగా వస్తున్న రచయితల నుంచీ తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నవ్వించాలంటే చరిత్రను కొంచెం వంచక తప్పదు.

వాస్తవం: అవసరమే లేదు. 1591 మే 15న ఉగ్లిచ్ పట్టణంలో రష్యా జార్ (చక్రవర్తి) ఇవాన్ ది టెరిబుల్ చిన్న కొడుకు ద్మీత్రీ గొంతు తెగి చనిపోయాడు. అప్పటికి ఎనిమిదేళ్లవాడు. గంట మోగింది, జనం పోగయ్యారు, తాము అనుమానించిన వాళ్లను అక్కడికక్కడే చంపేశారు. ఆ నేరానికి శిక్ష పడ్డవాళ్లలో గంట కూడా ఉంది! దాని నాలుక పీకి, చెవి కోసి సైబీరియాలోని తోబోల్స్క్‌కు ప్రవాసం పంపారని చెబుతారు. గంటను వేలాడదీసే కొక్కేన్ని రష్యాలో చెవి అనే అంటారు. 1892లో గానీ గంట ఇల్లు చేరలేదు.

దర్యాప్తు చేసిన వాసిలీ షూయిస్కీ కథ మరీ విచిత్రం. పిల్లవాడు మూర్ఛ వచ్చి తన చేతిలోని కత్తి మీదే పడ్డాడని మొదట తేల్చాడు. 1605లో ద్మీత్రీనని చెప్పుకుంటూ ఒకడు సింహాసనం మీదికి వస్తే, పిల్లవాడు బతికే ఉన్నాడన్నాడు. 1606లో తానే జార్ అయ్యాక, ద్మీత్రీ చనిపోయినప్పుడు రాజ్యం నడిపిన బోరిస్ గొదునోవ్ చంపించాడన్నాడు. ఒకే మనిషి, ఒకే కేసు, మూడు తీర్పులు. ఇంతకు మించిన పాత్రను నేను కల్పించలేను.

అపోహ: అసలు రహస్యం ఏదో నేలమాళిగలో దాగి ఉంటుంది.

వాస్తవం: మాయమైందని చెప్పుకునే ఇవాన్ ది టెరిబుల్ గ్రంథాలయం కోసం 1930లలో కూడా క్రెమ్లిన్ కింద తవ్వారు. దొరకలేదు. రహస్యాలు ఎక్కువగా కాగితం అతుకుల్లో ఉంటాయి. 17వ శతాబ్దం చివరిదాకా ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితాలను ఒకదాని కింద ఒకటి అతికించి చుట్టలుగా చుట్టేవారు. 1649 నాటి న్యాయస్మృతి చుట్ట పొడవు 309 మీటర్లు. మధ్యలో కాగితం మార్చకుండా ఆ అతుకుల మీద అధికారి వెనకవైపు సంతకం చేసేవాడు. ఒక అక్షరం ఈ కాగితం మీద, మరొకటి ఆ కాగితం మీద పడేది. ఉగ్లిచ్ దర్యాప్తు చుట్టను తర్వాతి కాలంలో ముక్కలుగా కోసి పుస్తకంగా కుట్టారు. పుటల వరస తారుమారైంది, మొదటి భాగం పోయింది. ఆ వరసను తిరిగి పేర్చడమే నా దృష్టిలో అసలైన అపరాధ పరిశోధన.

అపోహ: పాత రష్యా (జూలియన్ క్యాలెండర్) తేదీని నేటి తేదీగా మార్చడానికి 13 రోజులు కలిపితే సరిపోతుంది.

వాస్తవం: అది 20వ శతాబ్దానికి మాత్రమే. 19వ శతాబ్దంలో తేడా 12 రోజులు, 18వ శతాబ్దంలో 11, అంతకుముందు 10. పైగా 1700కు ముందు రష్యాలో సృష్టి మొదలైనప్పటి నుంచి ఏళ్లు లెక్కించేవారు, కొత్త సంవత్సరం సెప్టెంబరు 1న వచ్చేది. ద్మీత్రీ చనిపోయిన ఏడాది వాళ్లకు 7099. జనవరి నుంచి ఆగస్టు దాకా 5508, మిగతా నెలలకు 5509 తీసెయ్యాలి. ఒక్క అంకె తప్పితే, హత్య జరిగిన రోజున నిందితుడు వేరే ఊళ్లో ఉన్నాడన్న సాక్ష్యం కూలిపోతుంది.

అపోహ: రష్యాను ఏలిన కేథరిన్ రాణిని మెప్పించడానికి ఆమె మంత్రి పొత్యోమ్‌కిన్ అట్టలతో ఊళ్లు కట్టించాడు.

వాస్తవం: ఆ కథను బాగా వ్యాప్తి చేసిన దౌత్యవేత్త, ఆ ఊళ్లు కట్టించారంటున్న 1787 నాటి క్రిమియా ప్రయాణంలో ఆమె వెంట లేనే లేడు.

అపోహ: రష్యా గతం తెలుగువారికి బొత్తిగా సంబంధం లేనిది.

వాస్తవం: 15వ శతాబ్దంలో త్వేర్ నగర వర్తకుడు అఫనాసీ నికీతిన్ అమ్ముకుందామని ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని మన దేశానికి వచ్చాడు. జున్నర్‌లో దాన్ని అక్కడి పాలకుడు లాక్కుని, మతం మారితే ఇస్తానన్నాడు. చివరికి గుర్రం తిరిగి దక్కింది. తర్వాత నికీతిన్ బీదర్ నుంచి హిందువులతో కలిసి 'పర్వతం' అనే క్షేత్రానికి వెళ్లి, అది వాళ్ల జెరూసలేం అని రాసుకున్నాడు. పండితులు దాన్ని శ్రీశైలంగా గుర్తించారు. ఇంటికి చేరకముందే స్మొలెన్‌స్క్ దగ్గర చనిపోయాడు, రాతలు మాత్రం మాస్కో చేరాయి. నా తర్వాతి నవల ఆ గుర్రంతోనే మొదలవుతుంది.